ఊఁ

"పదివేల అడుగులు" అన్నాను.
ఎడమ సీట్లోంచి ఒక పొట్టి మాట రావాలి.
రాలేదు.
కప్పులో టీ ఇంకా వెచ్చగానే ఉంది.
రెండోసారి, పేరు పెట్టి పిలిచాను.
"దేవసహాయం గారూ."

అంతటితో ఆపమంటుంది మా పుస్తకం.
రెండు పిలుపులకి పలక్కపోతే
ఆ మనిషి లేడనుకో, విమానం నీది.
మూడోసారి పిలవడం ప్రేమ.
దానికి అక్కడ టైము లేదు.

"కంట్రోల్ నాది" అన్నాను, వినేవాళ్లు లేకపోయినా.
అప్పటికే ఆయన మోచెయ్యి కర్ర మీదికి జారింది.
ఆటోపైలట్ పట్టు వదిలేసింది,
ఎడమ రెక్క కిందికి మొగ్గింది.
నా కర్ర మీది ఎర్ర బొత్తాం నొక్కి పట్టి
నలభై దాకా లెక్కపెట్టాను.
నలభై అయ్యాక ఆయన కర్ర మూగబోయింది.
నాకు గాలి నేర్పిన చెయ్యి అది.
దాని నోరు నేనే నొక్కాను.

సువార్త వచ్చింది, వెనకే గిరిధర్.
సీటు వెనక్కి లాగి, భుజాల బెల్టు బిగించి,
పెడల్స్ మీంచి ఆయన కాళ్లు తీశారు.
ఒక బూటు లేసు ఊడి ఉంది.
అది నేను చూడకుండా ఉండాల్సింది.

మేడే, మేడే, మేడే.
గన్నవరం టవర్లో ఎవరో కుర్రగొంతు
ఒక్క క్షణం తడబడి సర్దుకుంది.
"రన్‌వే సున్నా ఎనిమిది మీదే. అంబులెన్సు ఉంటుంది."
ఇంకేమీ అడగలేదు.
ఆ అడగకపోవడానికి ఇవాళ్టికీ రుణపడే ఉన్నాను.

మా నాన్నది ఆటోనగర్ లారీ.
పక్కన క్లీనర్ నూకరాజు.
రాత్రంతా ఏదో ఒక కథ వాగడమే వాడి ఉద్యోగం.
"నేను ఊఁ కొట్టడం మానేశాననుకో,
కథ ఆపి స్టీరింగ్ పట్టుకోరా" అనేవాడు నాన్న.
ఏడేళ్లప్పుడు ఆ ఇద్దరి మధ్య కూచుని విని నవ్వాను.
సిమ్యులేటర్లో ఏటా అదే పాఠం
ఇంగ్లీషులో చెప్పించుకున్నాను.

"చక్రాలు?"
"దిగాయి."
"ఫ్లాప్స్?"
"పూర్తిగా."
అడిగేది నేనే, చెప్పేది నేనే.
రెండు గొంతుల పని ఒక గొంతు చేస్తుంటే
అబద్ధం సులువుగా దూరుతుంది.
అందుకని ప్రతి మీట మీదా వేలు ఆనించి
అప్పుడు జవాబిచ్చాను.

కుడి కిటికీలో బెజవాడ.
బ్యారేజీ దీపాలు కృష్ణలో ఇంకో బ్యారేజీ కడుతున్నాయి.
కొండ మీద అమ్మవారి వెలుగు.
చూసింది అర సెకను,
అదీ ఎక్కువే.
ముందు నున్న మామిడితోటల చీకటి,
చీకటి చివర రెండు తెల్లటి వరసలు.

యాభై, ముప్పై, ఇరవై...
యంత్రం అంకెలు చదువుతోంది.
అది లెక్క చెబుతుంది గాని ఊఁ కొట్టదు.

కాస్త గట్టిగానే తగిలాం.
వెనక ఎవరో చప్పట్లు కొట్టారు,
ఆలస్యమైన విమానం దిగితే కొట్టే చప్పట్లే.
నూట అరవై మందికి నేను చెప్పింది
"ఒకరికి ఒంట్లో బాగోలేదు" అని.
ఎవరికో చెప్పలేదు.

స్ట్రెచర్ మెట్ల మలుపులో ఒకసారి ఆగింది.
ఆయన వేళ్లు కదిలాయనుకున్నాను.
గాలికి దుప్పటేమో.

అర్ధరాత్రి దాటాక ఇంటికెళితే
నాన్న అరుగు మీద ఉన్నాడు, అప్పటికే తెలిసిపోయింది.
"బ్రేకులు పట్టాయా?"
"పట్టాయి."
"ఊఁ."

ఆ తర్వాత చాలాసేపు
ఏదేదో చెబుతూ కూచున్నాను:
గాలి ఎటు వీచిందో, ఇంధనం ఎంత మిగిలిందో,
లేసు సంగతి తప్ప అన్నీ.
నాన్న ఒక్కటీ వదలకుండా ఊఁ కొట్టాడు.
నా సంచిలో కెప్టెన్ కళ్లజోడు ఉంది,
ఎప్పుడు తీసి పెట్టుకున్నానో తెలీదు.
తెల్లారేదాకా
ఆస్పత్రి నుంచి ఫోను రాలేదు.